ముందు కుట్టు విప్పడం నేర్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు ముప్పై ఆరు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో అమ్మగారు వాడిన పాత కాలి మిషన్ ఉంది. వీడియోలు చూసి సరదాగా కుట్టు మొదలుపెట్టి మొదటి ప్రయత్నంలోనే సిల్కు జాకెట్టు ముక్క పాడుచేశారు. అప్పటినుంచి మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఇప్పుడు మనసు కుండలు చేయడం మీదికి పోతోంది. కొత్త మిషన్ కొనాలా, క్లాసులో చేరాలా, అసలు నా చేతికి పనితనం ఉందా అని మూడు ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్లుగా ఇంట్లో కుట్టుకుంటున్నాను. టైలర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. మట్టి పని ఆరేళ్ల కిందట మొదలైంది, అందులో నావి ఇంకా తప్పటడుగులే. అందుకని కుట్టు గురించి ధీమాగా, మట్టి గురించి కాస్త ఆచితూచి చెప్తాను.

ముందు మూడో ప్రశ్న. మీరు మొదటిసారే చేయి పెట్టింది సిల్కు మీద, అందులోనూ జాకెట్టు, అందులోనూ లైనింగ్‌తో. ఈత రాని మనిషిని వరద గోదారిలో దించినట్టుంది. దాన్నిబట్టి మీ చేతి గురించి ఏమీ తేల్చలేం.

జాకెట్టు చూడ్డానికి చిన్నది, పని మాత్రం చాలా పెద్దది. చంక దగ్గర వంపు, చెయ్యి పైభాగంలో ఇంకో వంపు, ఈ రెండూ వేర్వేరు ఆకారాలు. వాటిని ఒకదానికొకటి కలిపి కుట్టాలి, ముడత పడకూడదు. ముందు భాగంలో డాట్లు (ఒంటి ఆకారానికి తగ్గట్టు బట్టని మడిచి వేసే కుట్లు) ఒక అర అంగుళం పక్కకి జరిగితే మొత్తం ఫిట్టింగ్ పోతుంది. పైగా చేతికి ముందు వైపు చంక వంపు ఎక్కువ లోతుగా కోస్తారు, వెనక వైపు తక్కువ. బట్ట మడత వేయకుండా ఒక్కో చెయ్యి విడిగా కోస్తే ఏమవుతుందో తెలుసా? నాకు తెలుసు. నా మొదటి జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి. మా అమ్మ దాన్ని పట్టుకుని, "కుడి చెయ్యి ఎత్తాల్సిన పని లేని రోజున తొడుక్కో" అంది.

కాబట్టి ఆరు నెలలపాటు జాకెట్టు జోలికి పోకండి. కొత్త బట్ట కోయడం కూడా తర్వాత సంగతి. ముందు కుట్టు విప్పడం నేర్చుకోండి.

ఇది వింటే నిరుత్సాహంగా ఉంటుందని తెలుసు. కానీ నాకు తెలిసి కుట్టు మధ్యలో మానేసిన వాళ్లలో చాలామంది మానేసింది కుట్టడం రాక కాదు, తప్పు కుట్టింది విప్పలేక. వంకర కుట్టు పడగానే భయం, లాగితే బట్ట చిరుగుతుందని. దాంతో ఆ వంకర మీదే ఇంకో కుట్టు వేస్తారు, అది ఇంకా వంకర పోతుంది. విప్పడం చేతనైతే ఈ టెన్షన్ సగం పోతుంది.

ఎలా విప్పాలంటే, కుట్టు కొసన పట్టుకుని లాగకూడదు. బట్టకి ఒక వైపున ప్రతి మూడో కుట్టునో నాలుగో కుట్టునో తెంపుకుంటూ పోవాలి. దీనికి రిప్పర్ అని చిన్న పనిముట్టు దొరుకుతుంది, పుల్లకి చివర రెండు కొనలుండి మధ్యలో పదునుంటుంది. దాని పొడుగు కొనని కుట్టు కింద దూర్చి పైకి లేపితే దారం టక్కున తెగుతుంది. అలా ఒక జానెడు దూరం తెంపి, బట్ట తిరగేసి, అవతలి దారం కొస పట్టుకుని మెల్లిగా లాగితే మొత్తం ఒకే పోగులా వచ్చేస్తుంది. బట్టకి ఏ దెబ్బా తగలదు. మా అమ్మ బ్లేడుతో చేసేది, మీరు మాత్రం చేయకండి. నూలు బట్టకి సూది చేసిన రంధ్రాలు ఒకసారి తడిపి ఇస్త్రీ చేస్తే మూసుకుపోతాయి. సిల్కుకి మూసుకోవు. మొదట సిల్కు వద్దనడానికి అసలు కారణం అదే.

ఇప్పుడు మీ పాత జాకెట్లలో బాగా పట్టేది ఒకటి తీయండి. టైలర్‌కి కొలతకిచ్చే ఆది జాకెట్టు ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే ఇక వేసుకోనిది. దాన్ని ఎడమ సగం మాత్రం విప్పండి. కుడి సగం అలాగే ఉంచండి. ఇదే ముఖ్యం. మొత్తం విప్పేస్తే చేతిలో ముక్కలు మిగులుతాయి, ఏది ఎక్కడిదో మర్చిపోతారు. సగం విప్పితే మిగతా సగం ఎప్పుడూ పక్కనే జవాబులా ఉంటుంది. విప్పేటప్పుడు వరస గమనించండి: ఏ కుట్టు చివర వేశారో అది ముందు ఊడుతుంది. మామూలుగా హుక్కులు, పక్క కుట్టు, చంక, భుజం, చివరికి డాట్లు. కుట్టేటప్పుడు దీన్ని తిరగేసి చదువుకోవడమే. లోపల ఎంత బట్ట వదిలారు, పక్క కుట్టు దగ్గర ఎంత ఎక్కువ ఉంచారు, మెడకి క్రాస్ పీసు (ఏటవాలుగా కోసిన పట్టీ) ఎలా తిప్పారు, అన్నీ కనపడతాయి. ఏ వీడియోలోనూ మీ కొలతకి సరిపడా పాఠం ఇంతకన్నా దొరకదు. విప్పిన ముక్కల్ని ఇస్త్రీ చేసి పేపరు మీద పెట్టి గీసి ఉంచుకోండి. ఆర్నెల్ల తర్వాత పనికొస్తుంది.

మిషన్ సంగతి. కొత్తది కొనకండి. అమ్మగారి కాలి మిషన్ చాలు, పైగా నేర్చుకోవడానికి అదే మంచిది. మోటారు మిషన్ కాలు తగిలిందంటే పరిగెత్తుతుంది, చేతికింకా అలవాటు లేని మనిషికి సూది వేళ్ల దగ్గరికి వస్తుంటే భయం వేస్తుంది. కాలి మిషన్ మీ వేగంతోనే నడుస్తుంది, ఒక్కొక్క కుట్టూ లెక్కపెట్టుకుంటూ వేయొచ్చు. తర్వాత కావాలంటే దానికే మోటారు బిగించుకోవచ్చు.

చాలాకాలం వాడకపోతే చక్రం బిగుసుకుపోయి ఉంటుంది. ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు, కొబ్బరినూనె పోయడం. అది కొన్నాళ్లకి జిగురులా గడ్డకట్టి ఇంకా బిగుస్తుంది. మిషన్ ఆయిల్ అని విడిగా దొరుకుతుంది, అదే వాడాలి. మొదటిసారికి మాత్రం మెకానిక్‌ని పిలిపించి శుభ్రం చేయించండి, తోలు బెల్టు కొత్తది వేయించండి, సూది మార్చండి. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడండి. ఫోన్ చూస్తూ కూర్చోవద్దు సుమా.

సూదులకి నంబర్లుంటాయి. మామూలు నూలు బట్టకి 14, సిల్కు, షిఫాన్ లాంటి పల్చటివాటికి 11, జీన్స్ గుడ్డకి 16 లేదా 18. నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. ఇంటి మిషన్ సూదికి పైన ఒక వైపు చదునుగా ఉంటుంది. ఆ చదును ఎటు తిరిగి ఉండాలో మెకానిక్‌ని అడిగి గుర్తుపెట్టుకోండి. తిరగేసి బిగిస్తే మిషన్ కుట్లు దాటేస్తుంది, మీరేమో మిషన్ పాడైందనుకుంటారు.

ఇంకో సంగతి చెప్తాను, దీని వల్ల నేను ఒక నెల పోగొట్టుకున్నాను. బట్ట కింద దారం గుబురుగా చిక్కుపడిపోతుంటుంది. చూసేవాళ్లెవరైనా, కింది దారం చుట్టి పెట్టే బాబిన్‌లో ఏదో తేడా ఉందనుకుంటారు. నేనూ అలాగే బాబిన్ కేసు స్క్రూ తిప్పీ తిప్పీ దాన్ని పూర్తిగా పాడుచేశాను. నిజానికి కింద చిక్కు పడితే దాదాపు ప్రతిసారీ తప్పు పై దారానిదే. అది పైన దారాన్ని నొక్కి పట్టే బిగుతు బిళ్లల మధ్యలోకి సరిగ్గా దిగలేదన్నమాట. బట్టని నొక్కి పట్టే మిషన్ పాదం పైకెత్తి, పై దారం మొత్తం తీసి, మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే పోతుంది. అదే కింది దారం చుక్కలు చుక్కలుగా బట్ట పైకి కనిపిస్తుంటే పైన బిగుతు ఎక్కువైనట్టు, కొద్దిగా వదులు చేయాలి. బాబిన్ కేసు స్క్రూని మాత్రం ఏడాది దాకా ముట్టుకోకండి.

మొదటి వారం దారం లేకుండానే. మిషన్ పాదం పైకెత్తి ఉంచి, ఊరికే తొక్కండి. చక్రం మీ వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగిందా దారం తెగుతుంది. ఆగమన్నప్పుడు ఆగడం, మొదలుపెట్టినప్పుడు వెనక్కి పోకుండా ఉండడం, ఈ రెండూ కాలికి రావాలి. ఆ తర్వాత గీతల నోటుబుక్కులోంచి కాయితాలు చింపి, దారం లేని సూదితో గీత వెంటే కుట్టండి. వెలుతురుకి పట్టుకుని చూస్తే రంధ్రాల వరస కనపడుతుంది, ఎక్కడ చెయ్యి తడబడిందో తెలిసిపోతుంది. నిలువు గీతలు వచ్చాక చతురస్రాలు, తర్వాత గిన్నె బోర్లించి గీసిన గుండ్రాలు. గుండ్రం వచ్చిందంటే చంక వచ్చినట్టే. కాయితం మీద వాడిన సూది మొద్దుబారుతుంది, దాన్ని బట్టకి వాడొద్దు.

ఇక ఏం కుట్టాలి. ఒక పాత నూలు దుప్పటి తీసుకోండి, దాన్ని చంపడానికే అనుకోండి. దాంతో దిండు గలీబులు నాలుగు. తర్వాత లోపలి లంగా, అందులో నిలువు కుట్లు చాలా ఉంటాయి, పైన నాడా పట్టీ ఒక్కటే కొత్త పని. ఎవరూ చూడరు కాబట్టి ధైర్యంగా కుట్టొచ్చు.

చేత్తో చేసే పని కూడా పక్కన నడిపించండి, ముఖ్యంగా చీరకి ఫాల్ కుట్టడం. ఇది తేలికని అందరూ అంటారు, కానీ సరిగ్గా కుట్టినవి చాలా తక్కువ చూశాను. నూలు ఫాల్‌ని కుట్టేముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే చీర మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోయి, కుచ్చిళ్ల దగ్గర అంచు మొత్తం ముడతలు తేలుతుంది. అప్పుడు మళ్లీ విప్పాలి. లోపల దోపుకునే వైపు నుంచి మొదలుపెట్టి చీర అంచుకి సరిగ్గా ఆనించి ముందు పొడుగు టాకాలు వేసుకోండి, ఆ తర్వాతే హెమ్మింగ్. పై వైపు నుంచి చూస్తే చీర మీద ఒక్కొక్క పోగు మాత్రమే ఆవగింజంత చుక్కలా కనపడాలి. దారం బిగించి లాగారా, అక్కడ గుంట పడుతుంది. ఒక చీర ఫాల్ పూర్తిచేసేసరికి మీకు బట్ట తీరు తెలుస్తుంది: ఎటు లాగితే సాగుతుంది, ఎటు లాగితే బిగుస్తుంది.

బొంత కుట్టడం మీ ఇంట్లో ఎవరికైనా వచ్చేమో అడగండి. పాత నూలు చీరలు నాలుగు పొరలుగా పరిచి, అంచులకి టాకాలు వేసి, చిన్న చిన్న రన్నింగ్ కుట్లతో వరసలు వరసలుగా నింపడమే. అమ్మమ్మలు దీన్ని పనిగా కూడా లెక్కపెట్టేవాళ్లు కాదు, మధ్యాహ్నం కబుర్ల మధ్యలో సాగిపోయేది. కుట్టు సమంగా పడటానికి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలీదు. వంకరపోయినా బొంతకి అందమే.

కత్తెర గురించి ఒక్క మాట. బట్ట కత్తెర బట్టకే. కాయితం కోస్తే పదును పోతుంది. మా ఇంట్లో నా కత్తెరతో పాల ప్యాకెట్టు కోశారని జరిగిన గొడవ పదేళ్లయినా చల్లారలేదు. దాన్ని దాచిపెట్టండి. ఇస్త్రీపెట్టె మాత్రం మిషన్ పక్కనే ఉండాలి. ప్రతి కుట్టు వేయగానే దాని మీద ఇస్త్రీ రుద్ది, అప్పుడు తర్వాతి కుట్టుకి పోవాలి. ఇంట్లో కుట్టింది ఇంట్లో కుట్టినట్టు కనపడటానికి పెద్ద కారణం ఇస్త్రీ లేకపోవడమే. లైనింగ్ బట్ట కూడా ఫాల్ లాగే ముందు తడిపి ఆరేశాకే కోయాలి.

సామాన్లకి మీరు కోఠి వైపు గానీ సికింద్రాబాద్ జనరల్ బజార్ గానీ వెళ్లండి. దారాలు, లేసులు, లైనింగులు అన్నీ దొరుకుతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బులు తక్కువ పట్టుకెళ్లండి. నేను మొదటి రోజే పదిహేను రకాల లేసులు కొన్నాను, వాటిలో సగం ఇప్పటికీ డబ్బాలోనే ఉన్నాయి.

క్లాసు కావాలా అంటే, ఒక నెల రోజులకి కావాలి. కూర్చునే తీరు, బట్ట పట్టుకునే తీరు పక్కన మనిషి ఉండి చెప్తే తొందరగా వస్తాయి. ఎడమ చెయ్యి బట్టని ముందుకు తోస్తోందా, ఊరికే దారి చూపిస్తోందా అన్నది వీడియో చూడలేదు, టీచరు చూస్తుంది. హైదరాబాద్‌లో ఉపాధి శిక్షణనిచ్చే ప్రభుత్వ సంస్థ సెట్విన్ లాంటి చోట టైలరింగ్ కోర్సులుంటాయి. ప్రభుత్వం నడిపే టీసీసీ (టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు) లోయర్, హయ్యర్ టైలరింగ్ పరీక్షలు కూడా ఉన్నాయి గానీ సరదాకి నేర్చుకునేవాళ్లకి పరీక్ష అక్కర్లేదు. నన్నడిగితే మీ వీధిలో జాకెట్లు కుట్టే అక్క దగ్గరికి వెళ్లి, నెల రోజులు సాయంత్రాలు కూర్చుంటాను, హుక్కులూ కాజాలూ నేను కుట్టిపెడతాను, ఫీజు కూడా ఇస్తాను అని అడగండి. ఆవిడ ఒప్పుకుంటే కోర్సులో రానివి చాలా వస్తాయి. ఎక్కడ నేర్చుకున్నా ఒక నోటుబుక్కు పెట్టుకుని నమూనా ముక్కలు అతికించండి: కాడకుట్టు, గొలుసుకుట్టు, హెమ్మింగ్, కాజా. పక్కన తేదీ వేయండి.

ఇంకో హెచ్చరిక. మీరు మిషన్ తొక్కుతున్నారని తెలియగానే పిన్నిగారొకరు జాకెట్టు ముక్క పట్టుకుని వస్తారు. ఏడాదిపాటు ఎవరివీ ఒప్పుకోకండి. "ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చు కదా" అనేవాళ్లకి నవ్వి ఊరుకోండి. నేను రెండో ఏడాదే ఒప్పుకుని, ఒక దసరా మొత్తం చుట్టాల మెడల వెడల్పులతో గడిపి, తర్వాత ఎనిమిది నెలలు మిషన్ ముట్టలేదు.

ఇప్పుడు మట్టి. మానేయమని చెప్పను, కానీ కుట్టు నుంచి తప్పించుకోవడానికి వెళ్తే మాత్రం అక్కడ ఇంకా గట్టి మొట్టికాయలు పడతాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు (కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్ర ఒక్క దెబ్బతో పోతుంది) అని ఊరికే అనలేదు.

మట్టిలో కూడా విప్పుకోవడం ఉంది, ఒక హద్దు దాకా. ఆరిన ముద్దయినా సరే, కాల్చనంతవరకూ నీళ్లలో నానబెడితే మళ్లీ మట్టే. చేసింది నచ్చకపోతే బకెట్లో పడేసి రేపు మళ్లీ చేయొచ్చు. 600 డిగ్రీల చుట్టుపక్కల దాటి కాలిందంటే మాత్రం ఇక అది ఎప్పటికీ మట్టి కాదు. అందుకే మొదటి రెండు నెలలు చేసింది ఏదీ కాల్చకండి. చేసి, చూసి, బకెట్లో వేయండి. మా క్లాసులో అందరూ మొదటి రోజు గిన్నెని కాల్పించుకుని ఫొటో తీసుకోవాలనే తపనలో ఉండేవాళ్లు, నేనూ అంతే. నా మొదటి కాఫీ కప్పు తడిగా ఉన్నప్పుడు చక్కగానే ఉంది. ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుని ఉగ్గుగిన్నె అయి తేలింది. మట్టిని బట్టి నూటికి ఎనిమిది నుంచి పన్నెండు పాళ్లు తగ్గుతుంది. పది సెంటీమీటర్ల కప్పు కావాలంటే పదకొండుకి అటూఇటూగా చేసుకోవాలి. పైగా దాని పిడి కూడా ఊడింది: కప్పు ఆరిపోయాక తడి పిడి అతికించాను. రెండూ ఒకే తడిలో ఉన్నప్పుడు, అతికే చోట గీతలు గీసి, పల్చటి మట్టి ముద్ద రాసి అతకాలి. తర్వాత ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో మెల్లగా ఆరనివ్వాలి. వినాయక చవితికి మట్టి బొమ్మ చేసి ఎండలో పెడితే తొండం దగ్గర పగులుతుంది చూశారా, కారణం అదే. సన్నటి భాగం ముందు ఆరిపోతుంది.

కుమ్మరి సారె మీదికి నేరుగా వెళ్లొద్దు. తిరిగే చక్రం మీద ముద్దని సరిగ్గా నడిమికి తేవడానికే చాలామందికి వారాలు పడుతుంది. కాస్త ఎక్కువ నీళ్లు తగిలినా గోడ కూలిపోతుంది. ముందు చేత్తోనే: నిమ్మకాయంత ముద్ద తీసుకుని మధ్యలో బొటనవేలు గుచ్చి, చుట్టూ నొక్కుకుంటూ గిన్నె చేయడం. తర్వాత మట్టిని జంతికల్లా పొడుగ్గా చేసి చుట్టలు చుట్టడం. దీనికి ఇంట్లో ఒక పీట చాలు. కాల్చడం మాత్రం ఇంట్లో కుదరదు. వంటింటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. స్టూడియోలోనో కుమ్మరి ఆములోనో (కుండలు కాల్చే బట్టీ) కాల్పించుకోవాలి. ఊరి చివర కుమ్మరుల దగ్గరికి వెళ్తే, తొక్కి సిద్ధం చేసిన మట్టి కూడా కొనుక్కోవచ్చు. దీపావళి ముందు మాత్రం వెళ్లకండి, ప్రమిదల హడావుడిలో ఉంటారు, కసురుకుంటారు. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి.

రెండూ కాకుండా మధ్యలో ఏదైనా కావాలంటే లేసు అల్లిక చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల నుంచి నరసాపురం వైపు ఆడవాళ్లు నేర్చుకున్న క్రోషే పని. ఒక కొక్కెం సూది, ఒక దారపు ఉండ, అంతే. మెట్రోలో కూర్చుని కూడా చేయొచ్చు. తప్పుపోతే దారం కొస లాగితే చాలు, వరసలు వరసలుగా ఊడి మళ్లీ ఉండలోకి పోతుంది. విప్పడానికి ఇంత తేలికైన పని ఇంకోటి లేదు, మీ భయం పోవడానికి బాగుంటుంది.

నా మాట అడిగితే ఒక ఆర్నెల్లు వారానికి నాలుగు రోజులు, రోజుకి అరగంట కుట్టు. ఆదివారం మట్టి, మొదటి రెండు నెలలు కాల్చకుండా. ఒకేసారి ఆదివారం ఆరు గంటలు కూర్చుంటే నడుము పడుతుంది, సోమవారానికి అసహ్యం పుడుతుంది.

చివరగా ఆ సిల్కు ముక్క. పారేశారా, ఉందా? ఉంటే అది ఎక్కడ పాడైందో చెప్పండి. చంక దగ్గర తక్కువగా కోసి ఉంటే ఇంకా బట్ట తీయొచ్చు, భయం లేదు. ఎక్కువగా కోసి ఉంటే చంక కింద చీలిక ముక్క అతికించి సర్దొచ్చు, చెయ్యి దించితే కనపడదు. మెడ మరీ లోతుగా పోయి ఉంటే పైన వేరే రంగు పట్టీ వేయాలి, చీర అంచు రంగైతే కావాలనే వేసినట్టుంటుంది. డాట్లే తప్పయితే మాత్రం విప్పొద్దు, సిల్కు మీద రంధ్రాలు తేలతాయి, అలాగే మడిచి పక్కన పెట్టండి. ముందు ఆది జాకెట్టు సగం విప్పాక దాని సంగతి చూద్దాం.